టేపు చివర ముక్కలు

ఊరంతా పెద్దాయన అని పిలుచుకున్న వయొలిన్ విద్వాంసుడి కమాను పిచ్చుకకే ఇవ్వాలని సంగీత సంఘం వాళ్ళు తేల్చేశారన్న వార్త వచ్చేసరికి, వాళ్ళమ్మ ఎవరిదో కోటు నడుం కుట్టు విప్పుతోంది. నోటి నిండా గుండుసూదులు. వార్త విని తలెత్తింది. ఒక్కొక్క సూదీ తీసి మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చుకుంది. అన్నీ అయ్యాక, "మంచిదే" అని మళ్ళీ కోటు మీదికి వంగింది.

"మంచిదేనా? అంతేనా?" అంది పిచ్చుక. "ఊళ్ళో వయొలిన్ పట్టుకున్న ప్రతివాడూ ఆ కమాను కోసం గుటకలు మింగుతుంటే!"

"దాని గుర్రపు వెంట్రుకలు మార్పించారో లేదో కనుక్కో. అన్నాళ్ళు గాజు పెట్టెలో ఉన్న కమాను పలకదు."

వాళ్ళమ్మ ధోరణే అంత. ముందు గదిని కుట్టుపని కొట్టుగా చేసుకుని, ఊరందరి బట్టలూ వదులు చెయ్యడం, బిగించడం, అంచులు మడవడం ఆమె పని. మిగిలిన బట్టని ఎప్పుడూ కత్తిరించదు. కుట్టు లోపలికి మడిచి వదిలేస్తుంది. "రేపు మనిషి ఒళ్ళు చేస్తే? పారేసిన గుడ్డ ఎక్కణ్ణించి తెస్తాం?" అంటుంది. ఇది ఆమెకి వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు. ఆయనా దర్జీయే.

పిచ్చుక అసలు పేరు బడి రిజిస్టరులోనే మిగిలిపోయింది. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని మేనమామ పెట్టిన పేరిది. నలభై దాటి, నడుం కొంచెం మందమై, వయొలిన్ టీచరుగా నలుగురిలో గౌరవం సంపాదించుకున్నా, ఇంట్లో పిచ్చుక పిచ్చుకే.

ఆ మేనమామే ఆమెకి పెద్దాయన్ని పరిచయం చేసింది. మనిషిని కాదు, టేపుని. మావయ్యది రికార్డింగు స్టూడియో పని. పిచ్చుకకి పాలపళ్ళు ఊడుతున్న వయసులో ఒకరోజు టేపు తెచ్చి, కుట్టుమిషను పక్కన పెట్టి వినిపించాడు. అందులో పెద్దాయన వయొలిన్ ఒక్కటే ఉంది. ఇంకే వాద్యమూ లేదు. వరస మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది, ఇంకొక్క మెట్టుంటే శిఖరం అనగా ఆగిపోతుంది. ఏమీ ఉండదు. ఒక ఊపిరి పట్టేంత సేపు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో కింద నుంచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలవుతుంది. ఇలా మూడుసార్లు. జనం దానికి 'ప్రశ్న' అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఆగిన చోట పిల్ల నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అయ్యాక అమ్మ కొలబద్ద తీసుకుని, ఎడమ చేతి మీద కమానులా లాగి, గాలిలో ఆపి, "ఇక్కడ ఏముంది మావయ్యా?" అనడిగింది.

"ఇక్కడా? ఇక్కడే ఉందే తల్లీ అంతా" అన్నాడు మావయ్య.

ఆ మాటతో ఆమె బతుకు ఒక దారిన పడింది. అమ్మ పాత సామాన్ల కొట్లో దొరికిందని ఒక వయొలిన్ తెచ్చి ఇచ్చింది. గడ్డం ఆనించే చోట రంగు అప్పటికే అరిగిపోయి ఉంది. పిచ్చుక దాని మీద సాధన చేసింది. చదువు ముగిశాక లెక్కల శాఖలో వచ్చిన ఉద్యోగాన్ని, తోటివాళ్ళంతా మతి పోయిందా అంటుండగా వదిలేసింది. పెద్దాయన దగ్గర చేరదామనుకునేసరికి ఆయన పోయాడు. అయినా ఆయనే గురువు. ఆ మౌనమే పాఠం. పిల్లలకి ఆమె నేర్పే మొదటి విషయం అదే: "కమాను తీగ మీద నుంచి తియ్యకండి. ఊపిరి బిగపట్టండి. జవాబు మీరు చెప్పొద్దు. వినేవాళ్ళకి వదిలెయ్యండి." ఆ మౌనం గురించి ఒక పత్రికలో వ్యాసం కూడా రాసింది. జవాబు తెలిసీ చెప్పకపోవడమే పెద్దాయన గొప్పతనమని రాసింది. అమ్మ చదివి, "బాగా రాశావు" అని పత్రిక మడిచి ఇచ్చింది.

అమ్మకి పెద్దాయన తెలుసు. పెళ్ళికి ముందు ఆయన బృందంలో ఉండేది. "ఏం చేసేదానివి?" అంటే, "పెట్టెలు మోసేదాన్ని. శ్రుతి చూసేదాన్ని" అనేది. అంతకు మించి కదిలిస్తే సూదులు నోట్లో పెట్టుకునేది.

ఆదివారం సభ. పిచ్చుక 'ప్రశ్న' వాయించాలి, ఆ తర్వాత పెద్దాయన కమాను అందుకోవాలి. పెద్దాయన వారసురాలంటే ఇకమీదట ఈమే అన్నమాట.

గురువారం మావయ్య ఫోను చేశాడు. "ఏమే పిచ్చుకా, తీరిక చేసుకుని స్టూడియోకి రా. సభకి ముందు వినిపించడానికి అసలు టేపు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. నువ్వూ ఒకసారి విను, మళ్ళీ ఈ టేపు చుట్టని ఎవరూ ముట్టుకోరు."

మావయ్య స్టూడియో ఒక మేడ మీద రెండు గదులు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి గుడ్లట్టలు అంటించి ఉన్నాయి. మిషను మీద పెద్ద చుట్ట తిరగడానికి సిద్ధంగా ఉంది. అంతలో సభ హాలు వాళ్ళు మైకులు చూసుకోమని కబురు పెట్టారు.

"నేనిలా వెళ్ళి అలా వచ్చేస్తా. పాట అయిపోగానే ఆ మీట నొక్కి ఆపెయ్యి. చివరిదాకా పోనివ్వకు, తెలిసిందా? పాత టేపు, తోక తెగుతుంది."

"నీ తోక తెగకుండా చూసుకో, మెట్ల మీద జాగ్రత్త" అంది పిచ్చుక. ఆయన నవ్వుకుంటూ దిగాడు.

ఆమె మిషను ముందు కూర్చుంది. ఇన్నేళ్ళూ వింటోంది గానీ అసలు టేపు తిరగడం చూడటం ఇదే మొదలు. వరస పైకెక్కింది. ఎక్కి ఆగింది. ఆగిన క్షణంలో, గోధుమరంగు టేపు మీద తెల్లటి అతుకు ఒకటి మెరిసి వెళ్ళింది. ఆ వెనకే ఇంకొకటి. తర్వాత మళ్ళీ పాట.

టేపు తెగితే అతికించారేమో అనుకుంది. రెండో మౌనం దగ్గరా అలాగే జరిగింది. మూడో దగ్గరా అంతే. తెగే టేపు మూడుసార్లూ మౌనం చూసుకుని తెగుతుందా?

పాట అయిపోయింది. ఆమె చెయ్యి మీట మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆపలేదు. తెల్లటి ఖాళీ పట్టీ కొంతసేపు గిరగిరా తిరిగింది. దాని వెనక ఒక ముక్క మొదలైంది.

వయొలిన్. పెద్దాయనది కాదు. పెద్దాయన కమాను బరువుగా, మెట్లెక్కే మనిషిలా నడుస్తుంది. ఇది గడప దాటే పిల్లలా ఉంది. ఆయన ఆగిపోయిన చోటు నుంచే అందుకుని, ఆ మిగిలిన ఒక్క మెట్టూ ఎక్కి, పైన నిలబడి చుట్టూ చూసి, నవ్వుతూ దిగి వచ్చింది. అంతలోకే ముక్క అయిపోయింది. ఇంకొకటి వచ్చింది. అదే జవాబు, వేరే దారిన. మూడో ముక్క మొదట్లో కమాను కొంచెం జారింది. వెంటనే ఒక ఆడగొంతు, "ఊహూ. మళ్ళీ వేద్దాం" అంది.

పిచ్చుక మిషను మీదికి వంగింది. కోటు భుజం సరిగ్గా కూర్చోకపోతే, వచ్చినవాళ్ళతో వాళ్ళమ్మ రోజూ అనే మాట అది. అదే గొంతు. అదే తీరు.

మావయ్య తిరిగి వచ్చేసరికి ఆమె ఆ చివరి ముక్కలని వెనక్కి తిప్పి, మళ్ళీ మళ్ళీ వింటోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆపెయ్యమన్నానా లేదా?"

"తోక తెగలేదులే మావయ్యా. బాగానే అతికించావు."

ఆయన బల్ల మీద ఉన్న కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకోలేదు. "మా నాన్న నేర్పిన అలవాటు. కోసింది పారెయ్యడానికి చెయ్యి రాలేదు. చివర అంటించి పెట్టాను."

"ఎందుకు కోశావు?"

"పెద్దాయన అడిగాడు. రికార్డు బయటికి వెళ్ళే ముందు కూర్చుని మూడుసార్లూ విన్నాడు. లేచి కోటు వేసుకుని, 'జవాబులు తీసెయ్యి. ప్రశ్న చాలు' అన్నాడు. నాకు అప్పుడే పని దొరికింది. స్టూడియో ఆయన మాట మీద నడిచేది. కాదంటే నా స్థానంలో ఇంకొకడొచ్చి బ్లేడు పట్టుకునేవాడు."

"మీ అక్క అది!"

"తెలుసు."

"మరి ఆ మౌనం? అదైనా ఆయనదేనా?"

మావయ్య ముఖంలో, దాచుకుందామన్నా దాగని ఏదో కదిలింది. అది గర్వమని గుర్తుపట్టడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. "ఊరికే కోసి కలిపితే కుంటుతున్నట్టుందే. అందుకని ఖాళీ టేపు వేశాను. ఎంతసేపు ఉండాలో నాలుగైదు రకాలుగా వేసి చూసుకున్నాను. ఒక ఊపిరి పట్టేంత అయితే కుదిరింది. ఆయన కూడా మెచ్చుకున్నాడు."

పిచ్చుకకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన దారిన నవ్వొచ్చింది. ఉద్యోగం వదిలింది దీనికా? పిల్లల్ని కూర్చోబెట్టి ఊపిరి బిగపట్టించింది దీనికా? గురువు గురువు అని ఇన్నేళ్ళు దణ్ణం పెట్టుకుంది మావయ్య చేతిలోని బ్లేడుకా?

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నువ్వా కొలబద్ద పట్టుకుని ఆ చోటే చూపించి అడిగావు. ఆ మౌనం వల్లే కదే నువ్వు వయొలిన్ పట్టుకున్నావు! నేను కోసి ఉండకపోతే నువ్వు లేవు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆదివారం ఉన్నది ఉన్నట్టు వాయించి కమాను తీసుకో తల్లీ. చచ్చినాయనతో మనకేంటి పోట్లాట? ఆ రికార్డింగు చేసినందుకు నాకూ జ్ఞాపిక ఇస్తున్నారు. ఇన్నేళ్ళకి."

"అమ్మకి తెలుసా?"

"ఇంటికి తీసుకెళ్ళి నేనే వినిపించాను. గుండీలు కుట్టుకుంటూ విన్నది. 'అతుకు తెలియకుండా వేశావురా' అంది. అంతే. మళ్ళీ వయొలిన్ ముట్టుకోలేదు."

ఇంటికి వచ్చేసరికి అమ్మ సుద్దముక్కతో చొక్కా మీద గీత గీస్తోంది. పిచ్చుక వయొలిన్ తెచ్చి, గడ్డం ఆనించే చోటు పైకి పెట్టి, ఆ చొక్కా మీదే ఉంచింది.

"ఇది ఎవరిది?"

"నీది."

"నాకంటే ముందు?"

అమ్మ ఆ అరిగిన చోటు చూసింది. సుద్దముక్క పక్కన పెట్టింది. "వాడు చెప్పాడా?"

"నువ్వే చెప్పావు. 'మళ్ళీ వేద్దాం' అన్నావు. టేపు చివర."

"దాచాడా వాడు?" అమ్మ ఆశ్చర్యపోయింది. ఒక్కసారి ముఖం తేటపడింది, మళ్ళీ మామూలైంది. "వెధవ. పారేశాడనుకున్నాను."

"అమ్మా, నేను చిన్నప్పటి నుంచీ ఈ గదిలోనే ఆ చోటు సాధన చేశాను. నీ ఎదురుగా. నీ మాట కోసేసిన చోటు పట్టుకుని, అదే దైవమన్నట్టు. నువ్వు అక్కడ కూర్చుని అంచులు కుట్టుకుంటూ విన్నావు. ఒక్కనాడైనా, పోవే పిచ్చిదానా, అక్కడ నేనుండేదాన్ని అని..."

"చెబితే ఏమయ్యేది? ఆయన మీద కోపంతో మానేసేదానివి. లేకపోతే నా మీద జాలితో వాయించేదానివి. రెండూ వయొలిన్‌కి పనికిరావు."

"అది తేల్చుకోవాల్సింది నేను కదా!"

అమ్మ చొక్కా మీద రాలిన సుద్దపొడి వేలితో దులిపింది.

"ఆ వ్యాసం చదివినప్పుడు నీకేమనిపించింది?"

"నవ్వొచ్చింది" అంది అమ్మ. వయొలిన్ మీద అరిగిన చోటు వేలితో తడిమి, "మొదట" అంది.

పిచ్చుక ముందుకి వంగి, "ఆ జవాబు నాకు నేర్పు. ఆదివారం వాయిస్తాను" అంది.

"మర్చిపోయాను" అని అమ్మ చొక్కా లాక్కుని, వయొలిన్‌ని జాగ్రత్తగా, దాని అసలు యజమాని ఎత్తినట్టు మెడ కింద చెయ్యి వేసి ఎత్తి, కూతురికి అందించింది.

శుక్ర, శనివారాలు పిచ్చుక తన వయొలిన్ బడిలో పిల్లలు వెళ్ళిపోయాక తలుపు వేసుకుని, చెవిలో మిగిలిన దాన్ని బట్టి సాధన చేసింది. స్వరాలు తెలుస్తూనే ఉన్నాయి, వేళ్ళు పడుతూనే ఉన్నాయి. కానీ ఆ ఆగే చోటు రాగానే కుడి చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు నిలిచిపోయేది. తిట్టుకుంది, బతిమాలుకుంది. చెయ్యి వినదు. ఆదివారం పొద్దున మాత్రం వరసగా కొన్నిసార్లు కుదిరింది.

సభ హాలు నిండింది. ముందు వరసలో సంఘం కార్యదర్శి, ఎవరితో మాట్లాడినా ఉపన్యాసంలాగే మాట్లాడే మనిషి, పక్కవాళ్ళకి 'ప్రశ్న' ఎలా వినాలో చెబుతున్నాడు. హాలు చివర మావయ్య, తన మైకు మీటల బల్ల ముందు. ఆయన పక్క కుర్చీలో అమ్మ. తొందరగా లేచి వెళ్ళడానికి వీలుగా ఉంటుందని ఎప్పుడూ చివరే కూర్చుంటుంది. వేదిక మీద, పిచ్చుక ముందున్న మైకుకి, అది పనిచేస్తోందని చెప్పే చిన్న పచ్చదీపం వెలుగుతోంది.

వరస పైకెక్కింది. ఆ మెట్టు వచ్చింది. ఇప్పుడు, అనుకుంది పిచ్చుక. చెయ్యి ఆగిపోయింది.

ఒక ఊపిరి పట్టేంత సేపు. సరిగ్గా మావయ్య కొలిచినంతే. హాలంతా ఊపిరి బిగపట్టి, ఆహా అని వదిలింది. కార్యదర్శి కళ్ళు మూసుకుని తల పంకించాడు. ఊళ్ళో అందరూ కలిసి చేసిన మోసంలో చివరికి సొంత చెయ్యి కూడా చేరిపోయిందని పిచ్చుకకి అర్థమైంది. ఆ కోపంతో చెవులు భగ్గుమన్నాయి.

రెండోసారి మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిని అడగలేదు. భుజంతో తోసింది. కమాను కదిలింది. మొదటి స్వరం గరుకుగా పలికింది, రెండోది నిలబడింది. అంతలో ఎదురుగా పచ్చదీపం ఆరిపోయింది.

ఆమె తలెత్తి చూసింది. హాలు చివర మావయ్య మీటల మీదికి వంగి ఉన్నాడు. జవాబు అయిపోయి, పెద్దాయన వరస మొదలవగానే దీపం వెలిగింది. ముందు వరసల వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక వాళ్ళకి మౌనమే వినిపించి ఉంటుంది, ఎప్పటిలాగే.

మూడోసారి ఆమె మైకు వదిలేసి వేదిక అంచుకి వచ్చి వాయించింది. దీపం ఆరిందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. శిఖరం మీద కమాను కీచుమంది. అయినా దిగకుండా నిలబడి, నిదానంగా దిగింది.

చప్పట్లు కొట్టారు. కొంచెం తికమకగా కొట్టారు. కార్యదర్శి పైకి వచ్చి, "భావోద్వేగంలో చిన్న తడబాటు సహజం" అని సభకి సర్దిచెప్పి, గాజు పెట్టె తెరిచి కమాను ఆమె చేతిలో పెట్టాడు. పిచ్చుక దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. వెంట్రుకలు పసుపుబారి, సగం పురుగు కొట్టి వేలాడుతున్నాయి.

"మార్పించలేదండీ" అంది.

"ఏమిటమ్మా?"

"వెంట్రుకలు. ఇది పలకదు." కమానుని మళ్ళీ పెట్టెలో పెట్టి, మూత వేసి, నమస్కారం చేసి దిగిపోయింది.

బయట మావయ్య ఎదురొచ్చాడు. చేతిలో జ్ఞాపిక. "మైకు కాస్త ఇబ్బంది పెట్టిందే తల్లీ. వైరు లూజు."

"అవును మావయ్యా. పాత లూజు" అంది పిచ్చుక. ఆయన ముఖం చూడకుండా అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది.

ఇంటికి వచ్చాక అమ్మ చీర కొంగు బిగించి, వదిలేసి వెళ్ళిన చొక్కా ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కిస్తూ, "మూడోసారి మోచెయ్యి ముందే లేచింది. అందుకే కీచుమంది. అక్కడ మణికట్టు తిరగాలి, మోచెయ్యి కాదు" అంది.

పిచ్చుక నిలబడిపోయింది. "నీకు వినపడిందా?"

"అంత దూరం ఎక్కడ వినపడుతుంది? కనపడింది."

"మర్చిపోయానన్నావు."

అమ్మ దారం కొస తడిచేసుకుంది.

"పక్కనే కూర్చున్నావు. మావయ్య మీట దించడం కూడా కనపడిందా?"

"కనపడింది."

"చెయ్యి పట్టుకోలేదా? ఒక్క మాట అనలేదా?"

"అప్పుడూ అనలేదు" అంది అమ్మ. అది సంజాయిషీ కాదు. చొక్కా కొలత చెప్పినట్టు చెప్పింది. దారం ఎక్కింది, ముడి వేసింది, కానీ కుట్టు మొదలుపెట్టలేదు. సూదిని దిండుకి గుచ్చేసి, కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, ఎదురుగా మనిషి నిలబడి వాయించేంత చోటు చేసింది.

"పెట్టె తియ్యి. ముందు మణికట్టు చూపిస్తాను."

పిచ్చుక వయొలిన్ పెట్టె మీద చెయ్యి వేసింది. మూత తెరవలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. ఎంతసేపు ఆగాలో ఈసారి ఆమెకెవరూ కొలిచి ఇవ్వలేదు.